కొంచెం చాలని మోటారు

మా వృత్తిలో "చిన్నది పెట్టండి" అని ఎవరూ అడగరు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దండ వేయించుకుని బయటికొచ్చిన రోజు దాకా విన్నది ఒకటే మాట. "సార్, ఇంకాస్త పెద్ద మోటారు వేసేద్దాం, పోతే పోయింది." రైతు అదే అన్నాడు, మిల్లు మేనేజరూ అదే అన్నాడు, మా సేల్స్ కుర్రాళ్ళయితే చేతులు జోడించి మరీ అదే అన్నారు. నా సర్వీసు మొత్తంలో ఒకే ఒక మనిషి కాస్త తక్కువ పెట్టమని అడిగింది. ఆవిడకు నేను నవ్వుతూ జవాబు చెప్పాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు సంగతులు రాయమని పాత కార్ఖానా వాళ్ళు అడిగారు. ప్రమోషన్ల గురించి రాయను. వాటిలో నేర్చుకునేది ఏమీ లేదు. కేటలాగులో పట్టిక ఎలా చూడాలో కూడా రాయను, అది ఇప్పుడు కంప్యూటరే చూసి చెబుతుంది. అది చెప్పలేనివి రెండు మూడు ఉన్నాయి, అవి రాస్తాను.

తిప్పే బలం

నా పేరు సత్యం. విజయనగరం శివార్లలో గేర్‌బాక్సులు చేసే ఒక చిన్న కార్ఖానాలో డిజైన్ సెక్షన్‌లో పనిచేశాను. మా దగ్గరికి వచ్చే మరలన్నీ ఒక జాతివి. మెల్లగా తిరగాలి, మొండిగా తిరగాలి. చెరకు గానుగలు, పెంకులకు మట్టి పిసికే మరలు, కాలువ షట్టర్లు ఎత్తే మరలు, బరువులు లాగే వించీలు. ఫ్యాను తిరగడం వేరు, గానుగ తిరగడం వేరు. ఫ్యానుకు అడ్డం గాలే. గానుగకు అడ్డం చెరకు.

టార్క్ అనే మాట విని బెదిరిపోయే కుర్రాళ్ళను చూశాను. తడి దుప్పటి పిండేటప్పుడు మణికట్టు పెట్టే బలమే అది. మోటారు నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతుంది, కాని మణికట్టులో బలం ఉండదు. దాని పక్కన గేర్‌బాక్సు పెట్టి ఆ వేగాన్ని తగ్గించుకుంటూ పోతే, తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. దారిలో కొంత వేడిగా పోతుంది. ఇంతే మా విద్య. మిగతా అంతా ఆ మరను ఎక్కడ పెడతారు, ఎవరు నడుపుతారు, ఎలా పాడుచేస్తారు అన్నది ముందే ఊహించడం. ఇంజనీరింగు కాలేజీలో మొదటిది చెబుతారు. రెండోది మాకు పట్నాయక్ గారు చెప్పారు.

పట్నాయక్ గారు మా చీఫ్ డిజైనరు. పాతపట్నం మనిషి. ఇంట్లో ఒరియా, ఆఫీసులో తెలుగు, కోపం వస్తే రెండూ. మనం చెప్పింది నచ్చితే "హఉ, హఉ" అని తలూపేవారు. నచ్చకపోతే కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టేవారు. ఆ కళ్ళజోడు టేబుల్ మీదకు దిగిందంటే మా గుండెలు అరచేతుల్లోకి వచ్చేవి.

పళ్ళు రాలిన గానుగ

నేను చేరిన కొత్తలో రాజాం వైపు నుంచి తవిటినాయుడు అనే రైతు గేర్‌బాక్సును ట్రాక్టరు మీద వేసుకుని వచ్చాడు. బెల్లం వండుతాడు. మేమిచ్చిన గేర్‌బాక్సుకు లోపల పళ్ళు రాలిపోయాయి. మూత విప్పితే నూనెలో ఉక్కు ముక్కలు, చింతపండు రసంలో గింజల్లా.

"మీ సరుకే నాసిరకం," అన్నాడు గేటు దగ్గర నుంచే. "సంక్రాంతి దాటనేదు, పళ్ళూడిపోనాయి. ముసిలోడి నోరు నయం."

పట్నాయక్ గారు ఆయనకు మంచినీళ్ళు తెప్పించి కూర్చోబెట్టారు. "మోటారు ఏది వేశావు నాయుడూ?"

"మీరు సెప్పిందే ఏసినాను. అది మూలుగుతన్నాదని తరవాత తీసీసి, పదిహేను ఏసినాను."

"పదిహేను హెచ్‌పీ! నేను ఏడున్నర కదా చెప్పాను!"

"ఏడున్నర సాలనేదు బాబూ. మోపు ఏస్తే నిలబడిపోతన్నాది. పెద్దదేస్తే మంచిదే గదా, ఎద్దు బలంగా ఉంటే తప్పేటి?"

కళ్ళజోడు టేబుల్ మీదకు దిగింది. "ఎద్దు బలంగా ఉంటే తప్పు లేదు. కాడి విరిగితే ఎద్దును తిడతావా, కాడిని తిడతావా?"

నాయుడు ఆలోచించి నవ్వేశాడు. ఏడున్నర మోటారు మూలిగిందంటే అది చెప్పే మాట వేరే ఉంది. మోపెడు చెరకు ఒక్కసారి తోస్తున్నారు, తగ్గించండి అని. ఆ నోరు నొక్కేసి పదిహేను పెట్టాడు. ఆ పదిహేను మూలగలేదు, ఆగలేదు. గేరు పళ్ళే విరిగాయి.

ఆ రోజు పట్నాయక్ గారు నాకు చెప్పింది ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఏ మరలోనైనా ఒకరోజు ఏదో ఒకటి విరగాల్సిందే. అది ఏమిటో ముందుగా మనమే నిర్ణయించాలి. అందుకే షాఫ్టుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఒక చిన్న పిన్ను పెడతాం. భారం మీరితే అది తెగుతుంది, మిగతావన్నీ బతుకుతాయి. కొత్త పిన్ను వేసుకుని మళ్ళీ నడుపుకోవచ్చు. నాయుడు గానుగకు కొత్త గేర్‌బాక్సుతో పాటు పిన్ను కూడా పెట్టి పంపాం. తర్వాతి ఏడు బెల్లం దిమ్మ పట్టుకొచ్చాడు. పిన్ను రెండుసార్లు తెగిందట. మూడోసారి తెగితే మేకు కొట్టేశానని కూడా ఆయనే చెప్పాడు, గొప్పగా. పట్నాయక్ గారు బెల్లం తింటూనే కళ్ళజోడు తీశారు.

భయం మీద భయం

ఇంకో సంగతి. సేఫ్టీ పేరుతో మేమందరం దాచుకునేది భయమే.

బొబ్బిలి వైపు ఒక పెంకుల ఫ్యాక్టరీ వాళ్ళు మట్టి పిసికే మర కోసం వచ్చారు. లోపల అసలు ఎంత భారం పడుతుందో వాళ్ళకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ కనుక ఒక అంకె చెప్పారు, దాని మీద కాస్త కలిపి. మా సేల్స్ అబ్బాయి మాట రాకూడదని ఇంకాస్త కలిపాడు. నా టేబుల్ మీదకు వచ్చాక, పాడైతే నా పేరే కదా అని నేను మరికాస్త కలిపాను. కేటలాగులో ఆ సైజు లేకపోతే పై సైజు తీసుకున్నాం. చివరికి దూడను కట్టడానికి ఏనుగు గొలుసు తెచ్చాం. ఆ మోటారు ఏళ్ళ తరబడి సగం నిద్రలో తిరిగింది. ఒకరోజు మట్టిలో పెద్ద రాయి పడింది. సరిపడా మోటారైతే ఆగిపోయేది. ఇది ఆగకుండా లోపలి రెక్కలను మెలిపెట్టేసింది.

అందుకే తరువాత నుంచి నేను ఎవరి మాటా నమ్మడం మానేశాను. మరను లాగే తాడుకు గడియారంలా ముల్లు తిరిగే కాటా తగిలించి నేనే కొలిచేవాడిని. వోల్టేజీ కూడా, మర నడిచే చోట, మర నడిచే వేళకు, నేనే కొలిచేవాడిని. మన పల్లెల్లో లైను చివర వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే మోటారు బలం కొంచెమే తగ్గుతుందనుకుంటారు కొత్తవాళ్ళు. అలా కాదు, దానికి రెట్టింపుగా తగ్గుతుంది. పంపుసెట్లన్నీ ఆన్ చేసే పొద్దున్న పూట మీ మోటారు మీరు కొన్న మోటారు కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా మీకు సగం తిట్లు తప్పుతాయి.

ఇలా కొలుచుకుంటూ, కూడికలు తగ్గించుకుంటూ, రిటైరయ్యే నాటికి నా లెక్క మీద నాకు బాగా నమ్మకం కుదిరింది. కాస్త గర్వం అన్నా తప్పులేదు. ఆ గర్వంతోనే సముద్రం ఒడ్డుకు వెళ్ళాను.

ఇసుక మీద తాడు

సోంపేట దిగువన ఒక బెస్తవాళ్ళ ఊరు. పేరు రాయను, వాళ్ళకు ఇష్టం ఉంటుందో లేదో. ఆ ఒడ్డున జెట్టీ లేదు. పడవ కెరటం మీద వచ్చి ఇసుకను కొడుతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు పరుగెత్తి ముందరి తాడు అందుకుంటారు. కింద దుంగలు వేసి, పోటు నీళ్ళు తగలని మెరక దాకా లాగుతారు. ఆ తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకూ ఆ పడవలోంచి గుప్పెడు చేపలు ఇవ్వాలి. ఎంత బలంగా లాగావన్న లెక్క లేదు, ఏ ఇంటి మనిషివన్న ఆరా లేదు. చెయ్యి వేస్తే చేప. వాళ్ళు దాన్ని తాడుసేప అంటారు.

మగపిల్లల్లో చాలామంది గుజరాత్ హార్బర్లకు పనికి పోయారు. ఒడ్డున మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. పడవలేమో కర్రవి పోయి ఫైబర్‌వి, ఇంజన్లతో, బరువుగా వచ్చాయి. ఒక తుఫాను ముందు లాగే చేతులు చాలక రెండు పడవలను సముద్రం పట్టుకుపోయింది. అందులో ఒకటి ఎర్రన్నది. పడవల వాళ్ళందరికీ పెద్దలాంటివాడు. అతనే మా కార్ఖానాకు వచ్చి కరెంటు వించీ కావాలన్నాడు.

"బాబుగోరూ, మాకు మనుసుల్లేరు. మనిసి సెయ్యాల్సిన పని మోటారు సేసీయాల. బటను నొక్కితే పడవ గట్టు మీదుండాల."

నేను కాటా పట్టుకుని తెల్లవారి వేట నుంచి పడవలు తిరిగొచ్చే వేళకు అక్కడ ఉన్నాను. తాడు మధ్యలో కాటా తగిలించాను. ఇరవై మందికి పైగానే పట్టుకున్నారు, ఎక్కువ భాగం ఆడవాళ్ళే. ముందు తాడు కొస దగ్గర ఒక ముసలావిడ, కోకను బిగించి గోచీ పోసి, కెరటం వైపు చూస్తూ నిలబడింది. కెరటం పడవను ఎత్తే క్షణానికి గొంతెత్తి "ఐలెస్సా!" అంది. అందరూ ఒక్క ఊపున లాగారు. కెరటం దిగగానే ఆగారు. మళ్ళీ కెరటం, మళ్ళీ కేక. కాటా ముల్లు చూసి నేను ఆశ్చర్యపోయాను. నేను ఇంట్లో కూర్చుని వేసుకున్న లెక్కలో సగం కూడా చూపించలేదు. సగం బరువు కెరటమే మోస్తోంది. మోటారుకు కెరటం కోసం ఆగడం తెలియదు కనుక దానికి పూర్తి బలం కావాలి. ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకున్నాను.

ఆ ముసలావిడ పేరు పోలమ్మ. ఆవిడకు పడవ లేదు, పడవలోకి పోయే మగవాడూ ఇంట్లో లేడు. తాడుసేపలో కొంత కూరకు, మిగతాది ఇసుకలో ఎండబెట్టి వారం సంతలో అమ్మకానికి. ఆవిడ బతుకంతా ఆ తాడే. పొద్దున్న తాడు దగ్గర ఆవిడ కేక వినపడకపోతే పడవల వాళ్ళు "పోలమ్మ కేటయినాది?" అని అడిగేవారట.

ముప్పావలా, పావలా

పడవలన్నీ మెరకకు చేరాక నేను కాటా విప్పి తుడుచుకుంటున్నాను. పోలమ్మ వచ్చి ఎదురుగా ఇసుకలో చతికిలబడింది. కొంగులో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"ఆ గడియారం ఏటి సెప్పినాది బాబూ?"

"మీరందరూ కలిసి ఎంత లాగారో చెప్పింది."

"నాను ఒక్కదాన్నీ ఎంత లాగినానో సెప్పదా?"

"చెప్పదమ్మా."

"మంచిదే," అంది నవ్వుతూ. కాసేపు నా పనిముట్లను చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "నా మాట ఇను బాబూ. మోటారు ఎట్టు, వొద్దనను. నడుములు పోతన్నాయి మాకు. కాని కొంచెం సాలకుండా ఎట్టు."

నాకు అర్థం కాలేదు. "చాలకుండానా?"

"ఊఁ. ముప్పావలా అది లాగీసిందనుకో, పావలా మేం లాగుతాం. అదే మొత్తం లాగీస్తే మేం ఒడ్డుకేటికి రావాల? తాడు మీద సెయ్యెయ్యకుండా సేప ఎవులిస్తారు? ఇచ్చినా ఎలగ పుచ్చుకుంతాం, ముష్టోళ్ళలాగ?"

నేను నవ్వాను. ఎగతాళిగా కాదు, ముచ్చటపడే నవ్వాను. అయినా అది నవ్వే. "చాలని మోటారు పెడితే అది కాలిపోతుందమ్మా. నా ఉద్యోగం కూడా దాంతోపాటే," అన్నాను.

"అయితే సరే, నీకు తెలుసు గదా," అని లేచి కోక దులుపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బాలు విప్పుకుంటూ ఈ సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. "రిటైరయ్యే ముందు నీకు దొరకాల్సిన కస్టమరే దొరికింది సత్యం," అన్నారు. పట్నాయక్ గారు అప్పటికే రిటైరై, సలహాదారుగా వారానికి రెండు మూడు పూటలు వచ్చేవారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీశారు, కాని కోపంగా లేరు.

"మనిషికి చాలకపోతే పక్కవాణ్ణి పిలుస్తాడు. మోటారుకు చాలకపోతే కాలిపోతుంది. నువ్వు చెప్పింది నిజమే," అన్నారు. ఆ కళ్ళజోడు తుడుచుకుంటూ, "కాని ఆవిడ అడిగింది మోటారు గురించేనా?" అన్నారు. ఇంతలో ఆయనకు ఇంటి నుంచి ఆటో వచ్చింది. తరువాత అడుగుదామనుకున్నాను. రెండో వారం ఆయనకు గుండెపోటు వచ్చింది. పాతపట్నంలో అంత్యక్రియలకు వెళ్ళి వచ్చాను. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

అది బాగా పనిచేసింది

ఆ వించీ నేను చేసిన మరల్లోకెల్లా మేలైనది. చెప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది, అయినా నిజం. లైను చివరి వోల్టేజీ, తడి ఇసుక పడవ అడుగును పట్టుకునే బిగువు, పొడి ఇసుకలో ఏటవాలు, ఉప్పుగాలి, అన్నీ లెక్కకు వచ్చాయి. కరెంటు పోతే పడవ వెనక్కి జారకుండా గేరు తనంతట తనే బిగుసుకునే రకం పెట్టాను. భారం మీరితే తెగే పిన్ను కూడా ఉంది. మొదటి రోజు ఎర్రన్న కొబ్బరికాయ కొట్టి బటను నొక్కాడు. పడవ చడీచప్పుడు లేకుండా ఇసుక మీదుగా పాక్కుంటూ వచ్చి మెరక మీద ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాడు పట్టుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు వచ్చినట్టే నిలబడి చూశారు. పోలమ్మ కూడా వాళ్ళలోనే ఉంది. ఇనుప తాడు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి తీసేసింది. "సల్లగా ఉన్నాది," అంది పక్కావిడతో.

ఆ రోజు పడవల వాళ్ళు అందరికీ చేపలు పంచారు, కొత్త మర వచ్చిన సంబరం కదా. మర్నాడు కూడా కొందరు పంచారట. తరువాత పంచడం ఎవరికని? ఒడ్డుకు వచ్చేవాళ్ళు తగ్గారు. పంచేవాళ్ళకు తప్పు లేదు, రానివాళ్ళకు తప్పు లేదు. నేను అదే నెలలో రిటైరయ్యాను. సన్మానంలో ఆ వించీ ఫోటోనే పెద్దది చేసి పెట్టారు.

రిటైరయ్యాక మనిషికి తీరిక ఎక్కువ. నాకు పాత లెక్కలు మళ్ళీ వేసుకునే జబ్బు పట్టింది. ఒకరోజు పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే తట్టింది. మోటారును చాలకుండా పెట్టనక్కర్లేదు. సరిపడా మోటారే పెట్టి, తాడు చుట్టుకునే డ్రమ్మును కాస్త ముందుగా ఆపేస్తే చాలు. డ్రమ్ము ఎక్కడ ఆగాలో చెప్పేది వేలెడంత లిమిట్ స్విచ్చి. దాన్ని జరిపి బిగిస్తే పడవ మెరకకు కొంత దూరంలో ఆగుతుంది. ముప్పావలా మోటారు, పావలా చేతులు. పట్నాయక్ గారు ఆటో ఎక్కేముందు అడిగింది ఇదే. ఒక స్క్రూడ్రైవరు పని. నీళ్ళ పైపు చేతిలో పట్టుకుని, బంతిమొక్క మునిగిపోయేదాకా అలాగే నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి పైపు లాక్కుంది.

అయినా వెంటనే వెళ్ళలేదు. ఎవరూ అడగని సలహా ఇవ్వడానికి ఏ మొహంతో వెళ్ళను? మొన్నటి గాలివాన తరువాత ఎర్రన్నే ఫోన్ చేశాడు. గాలి రాకముందే కరెంటు తీసేశారట, అప్పటికి మూడు నాలుగు పడవలు కిందే ఉండిపోయాయట. గేర్‌బాక్సుకు చేత్తో తిప్పే హ్యాండిల్ ఇచ్చాను నేను. కాని బలం కోసం వేగాన్ని అంత తగ్గించాక, చేతులు పడిపోయేలా తిప్పినా పడవ కదిలేది జానెడే. ఊరంతా తిరిగి కేకలేస్తే పదిమంది కూడా రాలేదట. చాలామంది ఆడవాళ్ళు పలాసలో జీడిపిక్కల పనికి పోతున్నారు.

"ఒక పడవ పోనాది బాబుగోరూ. దీనికి ఇంకా పెద్ద మోటారు, జనరేటరు ఏస్తే ఎలగుంతాది?"

"నేను వస్తాను ఎర్రన్నా. మోటారు మార్చనక్కర్లేదు," అన్నాను.

ఆపిన చోటు

ముందు పోలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడా జీడిపిక్కల పనికే పోతోంది, ఆ రోజు సెలవు. గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. జీడి నూనె తగిలి వేళ్ళ కొసలు నల్లగా, పొక్కి ఉన్నాయి. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"గడియారం బాబువి గదా. మా తాడు తూసినావు."

నేను వచ్చిన పని చెప్పాను. డ్రమ్మును ముందే ఆపేస్తానని, ఆ పైన మీరే లాగొచ్చని, రోజూ మీరు ఒడ్డుకు వస్తుంటే కరెంటు పోయిన రోజుకీ చేతులు ఉంటాయని ఎర్రన్న కూడా ఫోనులో ఒప్పుకున్నాడని. మీరు అడిగిన రోజునే చేయగలిగి ఉండేవాడిని, నాకు అప్పుడు తట్టలేదమ్మా అని కూడా చెప్పాను.

ఆవిడ చేతులకేసి చూసుకుంది. "అప్పుడు ఇరవైమందిమి ఉండీవోళ్ళం. సిట్టెమ్మ సచ్చిపోనాది. నూకరత్నం కూతురి దగ్గరికెల్లిపోనాది. మిగతావోళ్ళు పొద్దున్నే పలాస ఆటో ఎక్కీస్తన్నారు. ఇప్పుడు ఆపితే ఎవులు లాగుతారు?"

"మీరు కేక వేస్తే వస్తారేమో."

"సూద్దాం," అంది. కళ్ళలో మాత్రం ఒక్క క్షణం మెరుపు వచ్చింది. అది నేను చూశాను.

మర్నాడు పొద్దున్న స్విచ్చి జరిపి బిగించాను. మొదటి పడవ వచ్చింది. వించీ లాగింది, నేను అనుకున్న చోట డ్రమ్ము టక్కుమని ఆగింది. ఎర్రన్న పడవ ముందరికి పాత నైలాను తాడు కట్టాడు. పోలమ్మ గోచీ బిగించి తాడు కొస దగ్గరకు వెళ్ళింది. పడవలోంచి దిగిన నలుగురు, ఎర్రన్న, ఇద్దరు ముసలివాళ్ళు, ఇంకొక ఆడమనిషి. ఒక చోటు ఖాళీగా కనిపించి నేనూ పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని తాళ్ళకు కాటా తగిలించానో, ఒక్కదాన్నీ చేత్తో పట్టుకుని లాగలేదు. నైలాను అంత గరుకుగా ఉంటుందని నాకు తెలియదు.

పోలమ్మ ఊరి వైపు తిరిగి కేకేసింది. ఆ గొంతు ఏమీ తగ్గలేదు. ఆగి చూసింది. మళ్ళీ కేకేసింది. గట్టు మీద ఇళ్ళ దగ్గర ఒకరిద్దరు తొంగిచూశారు. ఎవరూ దిగలేదు.

"ఐలెస్సా!"

లాగాం. పడవ కదల్లేదు. డ్రమ్ము ఆపిన ఆ చోటికి కెరటం కూడా అందదు, సాయానికి. మళ్ళీ లాగాం. నా కాళ్ళు ఇసుకలో దిగిపోయాయి గాని పడవ బెత్తెడు కూడా జరగలేదు. మూడోసారి ఆవిడ కేక వెయ్యలేదు. తాడు మెల్లగా ఇసుకలో పెట్టింది.

"బటను నొక్కు ఎర్రన్నా."

నేను వెళ్ళి స్విచ్చిని పాత చోటుకు జరిపాను. ఎర్రన్న బటను నొక్కాడు. పడవ మెరకకు చేరింది, ఎప్పటిలాగే, చడీచప్పుడు లేకుండా. ఎర్రన్న బుట్టలోంచి చేపలు తీసి తాడు పట్టుకున్నవాళ్ళందరికీ ఇచ్చుకుంటూ వచ్చాడు. పోలమ్మ దగ్గరకు వచ్చి ఆవిడకు ఇష్టమైన కానాగంతలు ఏరి చాచాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పుచ్చుకోయే పోలమ్మా, తాడట్టినావు గదా."

"అట్టినాను. లాగనేదు గదా," అంది.

చేతులు కొంగుకు తుడుచుకుని, ఆటో వచ్చే వేళయిందంటూ గట్టెక్కి వెళ్ళిపోయింది. నా చేతుల్లో ఎర్రన్న అప్పటికే రెండు చేపలు పెట్టి ఉన్నాడు. వాటిని ఏం చెయ్యాలో తెలియక, ఆవిడ కనిపించినంత సేపూ అలాగే పట్టుకుని నిలబడ్డాను.